గుండె దిటవుకు టానిక్కు వుందా?

పోయిన నెలలో ఒక తల్లి రాసిన ఉత్తరం నాకు అందింది. ఊరూ పేరూ మనకు అవసరం లేదు. విషయం మాత్రం ఎన్నో ఇళ్ళకు సంబంధించినదే.

"డాక్టరుగారూ, మా అబ్బాయికి ఇరవై మూడేళ్ళు. డిగ్రీ పాసయ్యాడు. గ్రూప్స్ పరీక్ష రెండుసార్లు రాసి తప్పాడు. మళ్ళీ దరఖాస్తు పెట్టాలో వద్దో నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నాడు. ఒక పూట పెడతానంటాడు, ఇంకో పూట వద్దంటాడు. తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం మీద కూర్చుంటాడు. అన్నం కెలికి లేచిపోతాడు. చీటికీ మాటికీ కళ్ళనీళ్ళు. మగపుట్టుక పుట్టి ఈ బేలతనం ఏమిటి, గుండె దిటవు చేసుకోరా అని వాళ్ళ నాన్నగారు రోజూ చెబుతూనే వున్నారు. లాభం కనబడటం లేదు. దిటవు రావడానికి మంచి టానిక్కు ఏదైనా రాయగలరు."

సంతకం కింద చిన్న అక్షరాలతో ఒక తా.క. వుంది. "మొన్న రాత్రి, నేను లేకపోతే మీకే హాయి కదమ్మా అన్నాడు. ఊరికే అన్నాడులెండి."

ఉత్తరమంతా ఒక ఎత్తు, ఆ తా.క. ఒక ఎత్తు. ఇలాంటి ఉత్తరానికి వారపత్రికలో జవాబిచ్చేదాకా ఆగకూడదు. అందులో వున్న నంబరుకు ఆ రోజే ఫోను చేశాను. ఆవిడతో ఏం చెప్పానో చివర రాస్తాను. ముందు ఆ ఇంట్లో రోజూ వినబడుతున్న మాట సంగతి చూద్దాం. "దిటవు లేదు" అంటే ఏమిటి? అది ఒక గుణమా, లోపమా, జబ్బా?

మాటలు నాలుగు, జబ్బులు వేరు వేరు

దిటవు అంటే గట్టిదనం, నిబ్బరం. దుఃఖంలో వున్నవారిని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు మనం మొట్టమొదట అనే మాట "గుండె దిటవు చేసుకోండి" అనే. ఆ సందర్భంలో అది చాలా మంచి మాట. ఎదుటి మనిషి కూలిపోకుండా చేయి అందించే మాట. అదే మాటను తిరగేసి "వాడికి దిటవు లేదు" అన్నామంటే అది ముద్ర. చేయి అందించడం పోయి వేలు చూపించడం అయింది.

దిటవు లేని మనసుకు మన భాషలో మాటలకు కొదవ లేదు. పిరికి, బేల, చపలచిత్తుడు, అధైర్యపరుడు. ఇంకా డీలా పడ్డాడు, నీరుగారిపోయాడు, జావకారిపోయాడు అంటాం. ఇంట్లోవాళ్ళు ఇవన్నీ ఒకటేనన్నట్టు వాడేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా రోగుల్ని చూస్తున్న నా చెవికి మాత్రం ఒక్కో మాట వెనుక ఒక్కో సంగతి వినబడుతుంది.

"పిరికివాడయ్యాడు డాక్టరుగారూ, బస్సెక్కాలంటే భయం" అని తీసుకొస్తారు. విచారిస్తే ఉన్నట్టుండి గుండె దడదడలాడటం, ఊపిరాడనట్టు అనిపించడం, చెమటలు, ఇప్పుడే చచ్చిపోతానన్న భయం. పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలోపు దిగిపోతుంది. దీనిని పానిక్ ఎటాక్ అంటాం. మొదటిసారి బస్సులో వచ్చింది కాబట్టి మనిషి బస్సు మానేశాడు. ఇది పిరికితనం కాదు, వైద్యం వున్న జబ్బు. అయితే ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి, ఆయాసం మొదటిసారి వచ్చినప్పుడు "ఇదంతా భయమే" అని ఇంట్లోనే తేల్చెయ్యకండి. ఇ.సి.జి. తీయించి, గుండె బాగుందని డాక్టరు చెప్పిన తర్వాతే ఆ మాట అనుకోవాలి.

"చపలచిత్తం, ఏదీ తేల్చుకోలేదు" అంటారు. చిన్ననాటి నుంచీ అలాగే వుంటే అది స్వభావం కావచ్చు. నిన్నటిదాకా ఇల్లంతా నడిపిన ఇల్లాలు ఇవాళ ఏ కూర వండాలో తేల్చుకోలేక వంటింట్లో నిలబడిపోతే అది చపలత్వం కాదు. నిర్ణయం తీసుకోలేకపోవడం డిప్రెషన్ లక్షణాలలో ఒకటి. తలుపు గడియ వేశానో లేదో అని పదిసార్లు, ఇరవైసార్లు వెళ్ళి చూసుకునేవారు వున్నారు. వేశానని తెలిసినా మనసు ఊరుకోదు. ఆ జబ్బు మరొకటి. దానికీ మందు వుంది.

"బేలగా తయారైంది, ఊరికే ఏడుస్తుంది" అంటారు. నెల్లాళ్ళ బాలింతను ఇలాగే తీసుకొస్తారు. కాన్పయిన తర్వాత మొదటి వారం పది రోజులు కొంచెం బెంగ, కన్నీళ్ళు చాలామందికి సహజం. అది రెండు వారాలు దాటినా తగ్గకుండా, బిడ్డను చూస్తే ముద్దు రాకుండా, నిద్ర పట్టకుండా వుంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. ఆ పిల్లను "మేమందరం కనలేదా, నువ్వొక్కదానివే కన్నావా" అని ఎత్తిపొడవడం జ్వరం వచ్చినదాన్ని చన్నీళ్ళలో ముంచడంతో సమానం.

ఇక "జావకారిపోయాడు, ఏ పనికీ లేవడు" అంటే మనసు దాకా పోకముందే నేను రక్తపరీక్ష రాస్తాను. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, మధుమేహం, క్షయ, బి-12 విటమిను లోపం, ఇవన్నీ మనిషిని నీరసపరుస్తాయి. థైరాయిడ్ తగ్గిన స్త్రీ చలికి ఓర్వదు, ఒళ్ళు చేస్తుంది, మతిమరుపు, మలబద్ధకం, మాటిమాటికీ ఏడుపు. ఏళ్ళ తరబడి "బేల" అనిపించుకున్న మనిషి రోజూ పరగడుపున ఒక చిన్న మాత్రతో కొన్ని నెలల్లో మామూలు మనిషయిన సందర్భాలు నేను చూశాను. ఆవిడకు లోపించినది దిటవు కాదు, థైరాయిడ్ హార్మోను.

మన పెద్దలు ఏమన్నారు?

మనసు గట్టిదనాన్ని వైద్యుడు చూడాలన్న సంగతి మనకు కొత్త కాదు. రోగిని పరీక్షించవలసిన పది విషయాలు చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో వున్నాయి. వాటిలో సత్త్వం, అంటే మనోబలం, ఒకటి. సత్త్వాన్నిబట్టి మనుషుల్ని మూడు తరగతులు చేశారు. మొదటి తరగతివారు ఒంటికి చిన్నవారైనా పెద్ద బాధను కూడా కలవరపడకుండా ఓర్చుకుంటారు. మూడో తరగతివారు ఎంత భారీ శరీరం వున్నా కొద్దిపాటి నొప్పికే తల్లడిల్లిపోతారు. సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయే ఆజానుబాహువుల్ని చూసిన ఏ డాక్టరైనా ఈ మాటను ఒప్పుకుంటాడు.

నాకు నచ్చేది మధ్య తరగతివారి గురించి చెప్పిన మాట. వారు ఇతరులను చూసి తమను తాము నిలదొక్కుకుంటారు, లేదా ఇతరులు ఆసరా ఇస్తే నిలబడతారు అన్నారు. అంటే దిటవు ఒకరు ఒకరికి ఇవ్వగల వస్తువన్నమాట. మనలో ఎక్కువమందిమి ఈ మధ్య తరగతివారమేనని నా నమ్మకం. ఇంకొక సంగతి గమనించండి. ఈ పరీక్ష రోగి బలాన్ని తెలుసుకుని తగిన చికిత్స చెయ్యడానికి. రోగిని తిట్టడానికి కాదు.

విరాటపర్వంలో ఉత్తరకుమారుడి కథ మనందరికీ తెలుసు. ప్రగల్భాలు పలికి, కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగెత్తాడు. ఈనాటికీ పిరికివాడికి ఆ పేరే పెడతాం. తర్వాత జరిగింది మాత్రం మరిచిపోతాం. బృహన్నల వేషంలో వున్న అర్జునుడు వెంటపడి పట్టుకున్నాడు. ఇంటికి పొమ్మనలేదు. నువ్వు యుద్ధం చెయ్యనక్కరలేదు, నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టుకో అన్నాడు. చెయ్యగలిగినంత పని చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ పిరికివాడే ఆ సేన మధ్యకు రథం తోలాడు. భయానికి ఈనాడు మేము చేస్తున్న చికిత్సకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ అర్జునుడికే కురుక్షేత్రంలో కాళ్ళూ చేతులూ ఆడలేదు. నోరు ఎండిపోయింది, ఒళ్ళు వణికింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చర్మం మండింది, గాండీవం చేతిలోంచి జారిపోయింది. ఇవాళ ఏ మానసిక వైద్యుడి ముందు ఈ లక్షణాలు చెప్పినా తీవ్రమైన ఆందోళన అని రాసుకుంటాడు. కృష్ణుడు దానిని హృదయదౌర్బల్యం అన్న మాట నిజమే. అది అన్నది రెండో అధ్యాయం మొదట్లో. ఆ మాటతో పనయిపోతే గీత అక్కడే ఆగిపోయేది. పద్దెనిమిదో అధ్యాయం దాకా ఓపికగా కూర్చుని, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాడు. మన ఇళ్ళలో పెద్దలు మొదటి మాట మాత్రం నేర్చుకుని, మిగతా అధ్యాయాలు వదిలేస్తున్నారు.

"నరాల బలహీనత" ఎక్కడిది?

దిటవు లేకపోవడానికి మన బజారులో ఇంకో పేరు వుంది. నరాల బలహీనత. గోడల మీద ప్రకటనలు, సంతలో పొడులు, వారానికో ఇంజక్షను. 1869లో బియర్డ్ అనే అమెరికన్ డాక్టరు న్యూరస్థీనియా అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. నరాలలో ఒక శక్తి వుంటుందని, అది ఖర్చయిపోతే మనిషి అలిసిపోయి, దిగులుపడి, నిద్ర లేక బాధపడతాడని ఆయన ఊహ. పాశ్చాత్య వైద్యులు ఆ మాటను దాదాపు వదిలేశారు. మన గోడలు మాత్రం వదలలేదు. నిజమైన నరాల జబ్బులు వున్నాయి. తిమ్మిర్లు, స్పర్శ తెలియకపోవడం, కాలో చెయ్యో పడిపోవడం, ఇలాంటివి. దిగులుకూ, భయానికీ నరాలు బలహీనపడటం కారణం కాదు. లోపం లేనివారికి బి కాంప్లెక్సు ఇంజక్షను వేస్తే మూత్రం పచ్చబడుతుందే గాని మనసు గట్టిపడదు.

ఇలాంటి మాట ప్రభుత్వాల చేతికి చిక్కితే ఏమవుతుందో చరిత్రలో వుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి మోతల మధ్య నెలల తరబడి గడిపిన సైనికులు కొందరు వణికిపోయారు, కొందరికి మాట పడిపోయింది. 1915లో మైయర్స్ అనే బ్రిటిష్ డాక్టరు దీనిని షెల్ షాక్ పేరుతో వైద్యపత్రికలో వర్ణించాడు. అయినా యుద్ధం వదిలి పారిపోయారనీ పిరికితనం చూపారనీ బ్రిటిష్ సైన్యం తన సైనికులనే కాల్చి చంపింది. అలా మరణశిక్ష పొందిన 306 మందికి 2006లో, అంటే దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, క్షమాపణ ప్రకటించారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం ఎక్కలేనన్న వైమానికులకు బ్రిటిష్ వైమానిక దళం పెట్టిన పేరు "ల్యాక్ ఆఫ్ మోరల్ ఫైబర్". మన భాషలో చెప్పాలంటే దిటవు లేనివాడు అనే. ఆ ముద్ర పడినవారి రెక్కల బిళ్ళ పీకేసేవారు. ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే ఈ స్థితికి 1980లో అమెరికన్ మానసిక వైద్యులు తమ జబ్బుల పట్టికలో వేరే పేరు పెట్టి చోటిచ్చారు. ఆ తర్వాతే అది జబ్బన్న మాట లోకానికి ఎక్కింది.

నేను చేసిన పొరపాటు

వాళ్ళనీ వీళ్ళనీ అనడం దేనికి? నా సంగతి చెబుతాను. 1990ల చివర్లో నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాడిని. ఒక గీత కార్మికుడు, ముప్ఫై ఐదేళ్ళవాడు, తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. అదృష్టం, మణికట్టు ఎముక ఒక్కటే విరిగింది. ఆరు వారాల్లో అతుక్కుంది. మూడు నెలలైనా మనిషి చెట్టెక్కలేదు.

"చెట్టు మొదట్ల నిలబడితె కాళ్ళు వణుకుతున్నయి సారూ. రాత్రి కండ్లు మూస్తె పడ్డట్టే అయితది" అన్నాడు. మోకు చేత్తో పట్టుకుంటేనే చెమటలు పడుతున్నాయట. తాటివనం పక్క బాటన నడవడం కూడా మానేశాడు. ఊళ్ళో అందరూ నవ్వుతున్నారన్నాడు.

నేను చెయ్యి పరీక్షించాను. ఎముక బాగా అతుక్కుంది. ఇంకేముంది? పది బి కాంప్లెక్సు ఇంజక్షన్లు రాసి, భుజం తట్టి, "ఇది జబ్బు కాదయ్యా. గుండె దిటవు లేక ఇట్లా అయింది. దిటవు చేసుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అని పంపించాను. మంచిమాట చెప్పాననే అనుకున్నాను.

నెల తిరక్కుండా అతని భార్య వచ్చింది. "మీ కాడికి వచ్చి పోయినప్పటి సంది పగలు గూడ తాగుతుండు సారూ. నాకు దిటవు లేదని సారే చెప్పిండు, ఇగ నేనెందుకు పనికొస్త అంటుండు. మొన్న తాగి చెట్టెక్కబోతె వాళ్ళ అన్న కాళ్ళు పట్టుకుని గుంజిండు."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఊరివాళ్ళు అన్నప్పుడు అది ఎగతాళి. డాక్టరు అన్నప్పుడు అది రోగనిర్ణయం అయింది. ఇక నయం కాదన్న తీర్పు అయింది.

హైదరాబాదులో మానసిక వైద్యం చేస్తున్న మిత్రుణ్ణి వెళ్ళి కలిశాను. ఇది దిటవు సంగతి కాదు, పడినప్పటి భయం మెదడులో అలాగే వుండిపోయిందన్నాడు. ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాడు. తాగుడు ముందు మాన్పించాం. తర్వాత అతనూ, అతని అన్నా రోజూ ఒకే వేళకు తాటివనానికి వంద అడుగుల దూరంలో కూర్చోవడం మొదలుపెట్టారు. నియమం ఒక్కటే. భయం ఎక్కువగా వున్నప్పుడు లేచి రాకూడదు, అది తగ్గేదాకా కూర్చుని అప్పుడు రావాలి. వారం గడిచేసరికి ఆ దూరంలో దడ తగ్గింది. తర్వాత చెట్టు మొదలు. తర్వాత మోకు నడుముకు కట్టుకుని చెట్టును ఆనుకుని నిలబడటం. తర్వాత నిలువెత్తు ఎక్కి దిగటం. అన్న పక్కన లేకుండా ఏ రోజూ చెయ్యలేదు.

నాలుగు నెలలు పట్టింది. పొడుగు తాళ్ళు అతను మళ్ళీ ఎక్కలేదు, వాటిని అన్న గీసేవాడు. పొట్టి ఈతచెట్లు ఇతను గీసేవాడు. లొట్టి భుజాన పెట్టుకుని మా ఆసుపత్రి ముందు నుంచి పోతూ నమస్కారం చేసేవాడు. నాకంటె అతని అన్న గొప్ప డాక్టరని నేను అనుకునేవాణ్ణి.

స్వభావమా, జబ్బా?

మీ ఇంట్లో ఒకరిని దిటవు లేనివారని అనుకుంటున్నారా? ఆ మాట మళ్ళీ అనేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. మొదటి నుంచీ ఇంతేనా, ఈమధ్య మారారా? స్వభావం చిన్నప్పటి నుంచీ వుంటుంది. జబ్బుకు ఒక మొదలు వుంటుంది. "దీపావళి తర్వాత నుంచి ఇలా అయ్యాడు" అని చెప్పగలిగితే అది జబ్బు కావడానికే అవకాశం ఎక్కువ.

2. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలుగా దాదాపు రోజంతా వుంటున్నదా?

3. నిద్ర, ఆకలి, బరువు మారాయా? తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఆ వేళ దిగులు మరీ ఎక్కువగా వుండి, సాయంత్రానికి కొంచెం తేలికపడటం డిప్రెషన్‌లో తరచు చూస్తాం.

4. చేసే పని ఆగిపోయిందా? బిడియం వున్న మనిషి కూడా తన పని తాను చేసుకుంటాడు. జబ్బుపడిన మనసు పని చెయ్యనివ్వదు.

5. తాను పనికిరానని, ఇతరులకు భారమని అంటున్నారా? ఈ ఒక్కదానికి "అవును" అనే జవాబు వస్తే మిగతావి చూడనక్కరలేదు. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

6. ధైర్యం కోసం చుక్క వేసుకుంటున్నారా? మద్యం ఆ గంటసేపు భయాన్ని కప్పుతుంది. మత్తు దిగేసరికి వణుకు, ఆందోళన రెట్టింపవుతాయి. మళ్ళీ తాగాలనిపిస్తుంది.

నేషనల్ మెంటల్ హెల్త్ సర్వే పేరుతో మన దేశంలో 12 రాష్ట్రాలలో 2015-16లో ఒక పెద్ద సర్వే జరిగింది. పెద్దవారిలో నూటికి సుమారు 10 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత వున్నట్టు తేలింది. డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణమైన జబ్బులు వున్నవారిలో పదిమందికి ఎనిమిదిమందికి పైగా చికిత్సే అందటం లేదు. దీనికి డాక్టర్లు చాలకపోవడం ఒక కారణం. ఇంట్లో దానికి జబ్బు అన్న పేరు రాకపోవడం ఇంకో కారణం. జ్వరం అంటే ఆసుపత్రికి తీసుకెళతారు. దిటవు లేదంటే ఎక్కడికీ తీసుకెళ్ళరు.

చికిత్స ఎలా వుంటుంది?

మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళమంటే "మావాడికి పిచ్చా?" అని ముఖం మాడ్చుకుంటారు. ఎర్రగడ్డ, విశాఖపట్నం అనగానే భయపడతారు. ఆ ఆసుపత్రులు కూడా మీకోసమే వున్నాయి. అయినా అంత దూరం పోనక్కరలేదు. ప్రభుత్వ బోధనాసుపత్రులలో, జిల్లా ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం వుంటుంది. ఓ.పి.లో చూపించుకుని అదే రోజు ఇంటికి వచ్చేవారే ఎక్కువమంది.

జబ్బు స్వల్పంగా వుంటే మాటలతో చేసే చికిత్స చాలు. తప్పుడు ఆలోచనను పట్టుకుని సరిచెయ్యడం, భయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం అందులో భాగాలు. ఎక్కువగా వుంటే మందులు. డిప్రెషన్ మందులు పారాసిటమాల్ లాగా గంటలో పనిచెయ్యవు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా "లాభం లేదు" అని మానెయ్యకండి. నయమైన తర్వాత కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడవలసి వుంటుంది. డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. ఇరవై ఐదేళ్ళలోపు వారికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఇంట్లోవారు కనిపెట్టుకుని వుండాలి.

ఈ మందులకు అలవాటు పడిపోతారన్న భయం చాలామందికి వుంది. అలవాటయ్యేవి ఇవి కావు. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే నిద్రమాత్రలు. అవి కొద్ది రోజులకు, డాక్టరు చెబితేనే వాడవలసినవి.

జబ్బు లేదు, స్వభావమే అయితే?

అన్నీ చూశాక జబ్బేమీ లేదు, మనిషి కొంచెం మెత్తన, తొందరగా బెదురుతాడు అని తేలవచ్చు. అప్పుడేం చెయ్యాలి?

అది నేరం కాదని మొదట ఒప్పుకోండి. పిల్లలందరూ ఒకే దిటవుతో పుట్టరు. నలుగురిలో పిరికివాడని పేరు పెట్టకండి. పెట్టిన పేరుకు తగ్గట్టే పిల్లవాడు తయారవుతాడు. భయపడే పనిని పూర్తిగా తప్పించకండి, ఒక్కసారిగా మీద పడెయ్యకండి. చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. స్టేజీ మీద మాట్లాడలేని పిల్ల ముందు ఇంట్లో నలుగురి ముందు చదవాలి, తర్వాత చుట్టాల ముందు. నిర్ణయం తీసుకోలేని మనిషికి చిన్న నిర్ణయాలు వదిలెయ్యండి. తప్పు చేస్తే చెయ్యనివ్వండి. తప్పు చేసినా కొంప మునగదని తెలియడం దిటవులో సగం. రోజూ అరగంట చెమట పట్టేలా నడక, వేళకు నిద్ర, కాఫీ టీలు తగ్గించడం ఆందోళనను తగ్గిస్తాయి. ఇవి టానిక్కుల కంటె చవక.

ఆ తల్లికి చెప్పింది

ఇక ఆ ఫోను సంగతి. "అమ్మా, మీ అబ్బాయి ఆ మాట ఊరికే అనలేదు. ఇలాంటి మాట ఎవరూ ఊరికే అనరు. రేపటిదాకా ఆగకుండా ఇవాళే పక్కన కూర్చుని, చచ్చిపోవాలని అనిపిస్తున్నదా నాయనా అని సూటిగా అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి. అలా జరగదు. అడిగేవాళ్ళు వున్నారని తెలిస్తే మనసు తేలికపడుతుంది. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు వుంటే తీసి అతనికి అందని చోట తాళం వెయ్యండి. రేపు పొద్దున జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రాత్రి పూట ఏ కాస్త అనుమానం వచ్చినా 14416కు ఫోను చెయ్యండి" అన్నాను.

ఇది టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. రాత్రీ పగలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పాఠకులందరూ రాసి పెట్టుకోండి. పోలీసు కేసవుతుందని భయపడి దాచిపెట్టేవారికి ఇంకొక మాట. 2018 నుంచి అమలులో వున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నాడనే భావించాలి. వేరే రుజువు లేనంతవరకు శిక్షించకూడదు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళ నాన్నగారితో ఏం చెప్పమంటారు?" అని అడిగింది. ఆయనకే ఫోను ఇవ్వమన్నాను. "మీరు చెప్పిన మాట చెడ్డది కాదండీ. రోజూ దూరం నుంచి చెబుతున్నారు. ఇవాళ మంచం మీద పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకోండి. మాట తర్వాత వెతుక్కోవచ్చు" అన్నాను.

పది రోజుల తర్వాత ఆయనే ఫోను చేశారు. తండ్రీ కొడుకులు కలిసి ఆసుపత్రికి వెళ్ళివచ్చారట. మందు మొదలయింది. గుణం ఇంకా కనబడలేదు, ఇంత త్వరగా కనబడదు కూడా. "తెల్లవారుజామున మూడింటికి వాడితోపాటు నేనూ లేస్తున్నానండీ. ఇద్దరం వీధి చివరిదాకా నడిచి వస్తున్నాం. ఏమీ మాట్లాడుకోవడం లేదు" అన్నారు.

టానిక్కు ఏదైనా రాయమని ఆ తల్లి అడిగింది కదా. ప్రస్తుతానికి ఇదే రాశాను. మందు తప్పకుండా వెయ్యండి, నడక మానకండి.